ఐదింటికి వచ్చే ముగ్గురు

వయోలా మాస్టారు ముందు గదిలో వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద నెత్తురు గడ్డ కట్టింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగింది. ఏ కేసులోనైనా ఆమెకి అదే అలవాటు. ముందు గదిని చూడాలి. మనుషులు ఆ తర్వాత.

గది చిన్నది. కిటికీ కింద రాతి గట్టు. దాని అంచున ఎర్రటి మరక. గది మధ్యలో నాలుగు కుర్చీలు వంపుగా వేసి ఉన్నాయి. ఒక్కో కుర్చీ ముందు ఒక్కో మ్యూజిక్ స్టాండు. మూడు కుర్చీల మీద దుమ్ము పేరుకుంది. నాలుగో దాని మీద మాత్రం అరిగి అణిగిపోయిన దిండు.

“ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు?” అని అడిగింది.

“ఇద్దరే మేడమ్. కింద ఈయన, పైన ఈయన తమ్ముడు. ఇద్దరికీ పెళ్ళాం పిల్లలు లేరు,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“మరి నాలుగు కుర్చీలెందుకు?”

హెడ్ కుర్చీల వంక చూశాడు.

వయోలా అంటే వయొలిన్‌కి అక్కలాంటిది. కాస్త పెద్దది, గొంతు కాస్త బరువు. మాస్టారి వయోలా పెట్టెలో భద్రంగా ఉంది. ఇంట్లో ఏదీ పోలేదు. అలమర మీద ఒక సీడీ ప్లేయరు ఉంది, దాని ప్లగ్గుకి ఒక టైమర్ తగిలించి ఉంది.

తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం కోసే మిషన్ మీద పని. చొక్కా చేతులకి ఇంకా కాగితపు నూగు అంటుకుని ఉంది.

“ఎన్నింటికి చూశారు?”

“ఆరింటికి. తాళం తీసి లోపలికొచ్చేసరికి అన్నయ్య ఇలా...”

“తలుపు వేసే ఉందా?”

“వేసే ఉంది. లాగితే దానంతటదే పడే తాళం. తాళంచెవులు రెండే. ఒకటి అన్నయ్యది, ఒకటి నాది.”

“ప్రెస్ నించి ఎప్పుడు బయల్దేరారు?”

“ఐదుంబావుకి.”

“నడక ఎంతసేపు?”

“పది నిమిషాలు.”

“మరి ఆరింటిదాకా ఎక్కడున్నారు?”

అతను తల వంచుకున్నాడు. “బస్ స్టాప్‌లో.”

“ఏ బస్సు కోసం?”

“బస్సు కోసం కాదు మేడమ్. ఐదింటికి ఆ సీడీ పెట్టె దానంతటదే మోగుతుంది. దానితో కలిసి అన్నయ్య వాయిస్తాడు. అరగంట పైనే. ఏళ్ళ తరబడి అదే పాట. ‘ఐదింటికి నా స్నేహితులు ముగ్గురూ వస్తారురా, నువ్వు కాస్త నిదానంగా రా’ అనేవాడు. నాకు తల పగిలిపోయేది. అందుకని అయిపోయేదాకా బస్ స్టాప్‌లో కూర్చుని వస్తాను.”

“అక్కడ మిమ్మల్ని ఎవరైనా చూశారా?”

“నన్నెవరు చూస్తారు మేడమ్?”

ఆ మాట ఫిర్యాదులా అనలేదు. టైమ్ ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ పెన్ను ఒక్క క్షణం ఆగింది.

పక్కిల్లు పళ్ళ డాక్టరుది. ముందు గదే ఆయన క్లినిక్. మాస్టారి గదికీ దానికీ మధ్య ఒక్కటే గోడ.

“మొన్న ఆదివారం అన్నదమ్ములు అరుచుకున్నారు. ‘ఆ పెట్టెని పగలగొడతాను, అడ్డొస్తే నిన్ను కూడా’ అన్నాడు తమ్ముడు,” అన్నాడు డాక్టరు. వెంటనే నాలిక కరుచుకున్నాడు. “అన్నాడే గానీ పాపం చీమకి కూడా హాని చెయ్యడు.”

“ఇవాళ సాయంత్రం సంగీతం వినపడిందా?”

“వినపడింది. ఐదు కొట్టగానే మొదలు, మామూలే. అది మోగుతున్నంతసేపూ నా పేషెంట్లు కాస్త తక్కువ మూలుగుతారు. నా ఫీజు సగం ఆయనకి ఇవ్వాలి నిజానికి.”

“చివరిదాకా వినపడిందా?”

“ఆ. మధ్యలో కాసేపు ఆగింది. అప్పుడే డ్రిల్ ఆపి పేషెంటుని పుక్కిలించమన్నాను. గోడకి అవతల చప్పుడు లేదు. సీడీ ఇరుక్కుందనుకున్నాను. మళ్ళీ మొదలైంది.”

“వోల్టేజి పడిపోయి ఉంటుంది,” అన్నాడు హెడ్.

ఇన్‌స్పెక్టర్ తలూపింది. తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

పోస్ట్‌మార్టమ్ రిపోర్టు ఆమెకి పెద్దగా సాయం చెయ్యలేదు. ఎవరో తోశారు. తల వెనక భాగం రాతి గట్టుకి తగిలింది. ప్రాణం వెంటనే పోయింది. నాలుగింటికీ ఆరింటికీ మధ్య ఎప్పుడైనా కావచ్చు.

మాస్టారికి చుట్టాలు లేరు. ఒకప్పుడు కలిసి వాయించిన వాళ్ళు మాత్రం ఉన్నారు. నలుగురి బృందం. ఇద్దరు వయొలిన్, ఒకరు వయోలా, ఒకరు మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో. బృందాన్ని నడిపినాయన వీధికి అవతలి పక్కనే సంగీత పాఠశాల పెట్టుకున్నాడు. అందరూ ఆయన్ని లీడర్ గారంటారు.

“లీడరంటే ఏ పార్టీ మేడమ్?” అన్నాడు హెడ్, పాఠశాల మెట్లెక్కుతూ.

“వయొలిన్ పార్టీ.”

లీడర్ పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గోడ నిండా ఫోటోలు. అన్నింట్లోనూ నలుగురే, అన్నింట్లోనూ ఆయన మీదే వెలుగు. మాస్టారు ఎప్పుడూ ఒక అంచున, మొహం సగం నీడలో.

“మిగతా ఇద్దరూ?” అని అడిగింది.

“చెల్లో వాయించేవాడు చనిపోయాడు. రెండో వయొలిన్ వాయించే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, ఇక వాయించదు. మిగిలింది మేమిద్దరం.”

“తరచుగా కలిసేవారా?”

“ఒకే వీధిలో ఉండి కలవకుండా ఉండటం కూడా ఒక విద్యేనమ్మా. ఇద్దరికీ బాగా అబ్బింది.”

“గొడవ ఏమైనా ఉందా?”

“గొడవంటూ లేదు. కబుర్లు అయిపోయాయి.”

“మాస్టారు రోజూ వాయించే పాట ఏది?”

ఆయన మొహం మారింది. కుర్చీలో ముందుకి జరిగాడు.

“ఎప్పుడో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రాసింది. ఆ వయసులో మనం అద్దంలో మీసం చూసుకుంటూ ఉంటాం. వాడు ఇది రాశాడు. మొదటి భాగం పరుగు. ఎక్కడికో ఆలస్యమైపోతున్న పరుగు. రెండో భాగంలో అంతా ఆగిపోతుంది. అప్పుడు వయోలా ఒక్కటే ఎత్తుకుంటుంది. తోడు ఎవరూ ఉండరు. ఏదో చెప్పుకోలేని మాట చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఆ మాటనే తర్వాత రెండో వయొలిన్ అందుకుంటుంది, ఆ తర్వాత చెల్లో, చిట్టచివర నేను. ఇంట్లో జరిగిన ఒకే సంగతిని నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకుంటే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది.”

హెడ్ కూడా నోట్‌బుక్ మూసి విన్నాడు.

“నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?” అంది ఇన్‌స్పెక్టర్.

“నాలుగు నించీ ఇక్కడే. ఐదున్నరకి క్లాసు. ఈ కిటికీ తీసుకుని కూర్చున్నాను. ఎదురుగా అతని కిటికీ. ఐదు దాటిన పది నిమిషాలకి రెండో భాగం వచ్చింది. వయోలా మొదలైంది. ఆ చెయ్యి నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళు పక్కన కూర్చున్నాను కదా. నిన్న వాయించినంత బాగా ఎప్పుడూ వాయించలేదనిపించింది.” కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నేను క్లాసుకి లేచేటప్పటికి ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.”

పెట్టె దానంతటదే మోగుతుంది కాబట్టి సంగీతం వినపడినంత మాత్రాన మాస్టారు బతికున్నట్టు కాదని ఇన్‌స్పెక్టర్‌కి మొదట్నించీ అనుమానం. ఆ అనుమానం ఈ మాటతో తీరిపోయింది. ఇంత తెలిసిన మనిషి, చెయ్యిని గుర్తుపట్టి చెబుతున్నాడు. అయితే హత్య జరిగింది ఐదున్నర తర్వాతే. ఆ టైముకి లీడర్ పన్నెండు మంది పిల్లల ముందు నిలబడి ఉన్నాడు. డాక్టరు పేషెంటు నోట్లో చెయ్యి పెట్టి ఉన్నాడు. తాళంచెవి ఉండి, ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేని మనిషి ఒక్కడే.

ఆ సాయంత్రమే తమ్ముణ్ణి లాకప్‌లో పెట్టారు. అతను ఎదురు చెప్పలేదు. “అన్నయ్య కిటికీ మూసేశారా మేడమ్? వాన వస్తే వయోలాకి మంచిది కాదు,” అని మాత్రం అడిగాడు.

ఆదివారం పొద్దున ఇన్‌స్పెక్టర్ తన క్వార్టర్‌లో ఒంటరిగా ఉంది.

రెండు గదుల ఇల్లు. కుర్చీ ఒక్కటే. రెండోదాన్ని కింది వాటా వాళ్ళు ఎప్పుడో ఫంక్షన్‌కి అడిగి తీసుకెళ్ళారు. ఆమె తిరిగి అడగలేదు. అవసరం పడలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది, రెండూ స్టేషన్ నించే. తను నవ్వి ఎన్నాళ్ళయిందో ఆలోచించుకుని, ఆ ఆలోచన మానుకుంది.

కేసు ముగిసినట్టే. అయినా ‘నన్నెవరు చూస్తారు మేడమ్’ అన్న మాట ఆమెని వదలడం లేదు.

స్టేషన్‌లో సంతకం పెట్టి తెచ్చుకున్న మాస్టారి సీడీని ప్లేయర్‌లో పెట్టింది. సంగీతం ఆమెకి తెలియదు. జీవితంలో ఏ పాటనీ కూర్చుని, వేరే పని లేకుండా విన్నది లేదు. లీడర్ చెప్పింది గుర్తుపెట్టుకుని వినడం మొదలెట్టింది.

మొదటి భాగం నిజంగానే పరుగు. వయొలిన్లు ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగుతున్నట్టు ఉరికాయి. చెల్లో కింద నించి వాటిని పిలుస్తోంది. తెలియకుండానే ఆమె మడమ నేలకి తగులుతోంది. ఎవరో ఇది రాసిన ఆ కుర్రాడు. చెప్పాల్సింది చాలా ఉంది, వినేవాళ్ళు లేచి వెళ్ళిపోతారేమో అన్న కంగారు అందులో వినపడింది. ఆ కంగారు ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న కంగారు అది.

కానీ ఏదో వెలితిగా ఉంది. ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి పక్కన కూర్చుంటే ఒక వైపు మాటలే వినపడతాయి. అలా ఉంది. జవాబులు వస్తున్నాయి, ప్రశ్నలు వినపడటం లేదు.

మొదటి భాగం ముగిసింది. ఇప్పుడు వయోలా ఎత్తుకోవాలి.

ఏమీ లేదు.

ఆమె ఎదురుచూసింది. చప్పుడు లేదు. సీడీ తిరుగుతూనే ఉంది, అంకెలు నడుస్తూనే ఉన్నాయి. చాలా సేపటికి ఒక వయొలిన్ మెల్లగా మొదలెట్టింది. తర్వాత చెల్లో అందుకుంది.

గీత పడిందనుకుంది. సీడీ తీసి చీరకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. సరిగ్గా అదే చోట, అంతే సేపు, అదే నిశ్శబ్దం.

మూడోసారి విన్నప్పుడు వేళ్ళ మీద గొంతులు లెక్కపెట్టింది. ఒక వయొలిన్. ఇంకో వయొలిన్. చెల్లో.

స్నేహితులు ముగ్గురూ.

ఊళ్ళోని వాద్యాల దుకాణానికి ఫోన్ చేసింది. “ఉంటాయండీ,” అన్నాడు దుకాణదారు. “ఒంటరిగా సాధన చేసేవాళ్ళ కోసం చేస్తారు. ఒక వాద్యాన్ని వదిలేసి మిగతావి వాయించి రికార్డు చేస్తారు. ఆ ఖాళీలో కొన్నవాళ్ళు వాయించుకోవాలి.”

ఫోన్ పెట్టేసి ఆమె హెడ్‌ని పిలిపించింది.

“ఆ రోజు మాస్టారికి వాయించబుద్ధి కాలేదేమో మేడమ్. ఊరికే కూర్చుని విన్నాడేమో,” అన్నాడు హెడ్ అంతా విని.

“కావచ్చు. అయితే లీడర్ గారు విన్నదేమిటి?”

హెడ్ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు.

“పాఠశాలలో అటెండర్ ఉన్నాడు. లీడర్ గారు నిజంగా నాలుగు నించీ గదిలోనే ఉన్నారేమో కనుక్కోండి. మనం అది అడగనే లేదు.”

సోమవారం మధ్యాహ్నం అందరినీ మాస్టారి ముందు గదికి పిలిపించింది. లీడర్ వచ్చాడు. పళ్ళ డాక్టరు క్లినిక్ మూసి వచ్చాడు. తమ్ముణ్ణి లాకప్ నించి హెడ్ తీసుకొచ్చాడు. గడ్డం పెరిగింది. రాతి గట్టు వైపు చూడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఎక్కువ సేపు పట్టదు. ఒక పాట వినాలి,” అంది ఇన్‌స్పెక్టర్.

సీడీ పెట్టింది.

లీడర్ మొదట అలవాటుగా తలూపాడు. కాసేపటికి ఆయన నుదురు ముడిపడింది. ఏదో వెతుకుతున్నట్టు స్పీకర్ వైపు తల తిప్పాడు. ఇంకాసేపటికి ఆయన మొహంలో రంగు దిగిపోయింది.

మొదటి భాగం అయిపోయింది. గదిలో నిశ్శబ్దం పరుచుకుంది.

“డాక్టరు గారూ, ఆ రోజు ఆగింది ఇక్కడేనా?”

“ఇక్కడే. ఇంతసేపే. పుక్కిలించడానికి సరిగ్గా సరిపోయింది.”

“అంతకు ముందు ఎప్పుడైనా ఇక్కడ ఆగిందా?”

“ఎప్పుడూ లేదు. ఈ చోట ఏదో లోగొంతుతో మెల్లగా వచ్చేది. అది వచ్చేటప్పుడు నేను డ్రిల్ వాడను.”

“లీడర్ గారూ, మీకు ఇక్కడ ఏం వినపడింది?”

స్పీకర్‌లో రెండో వయొలిన్ మొదలైంది. ఇన్‌స్పెక్టర్ ప్లేయర్ ఆపేసింది.

“ఈ సీడీలో వయోలా లేదు. రోజూ ఆ ఖాళీని మాస్టారు నింపేవారు. హత్య జరిగిన గురువారం ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. అంటే రెండో భాగం వచ్చేసరికే ఆయన లేరు. ముగ్గురు స్నేహితులు టైముకి వచ్చి, పోయిన మనిషి ముందు వాయించి వెళ్ళారు. ఐదుంబావు దాకా ఆయన తమ్ముడు ప్రెస్‌లో అందరి మధ్యా కాగితం కోస్తున్నాడు. మాస్టారు ఐదున్నర దాకా బతికున్నారని చెప్పింది ఒక్కరే. వయోలా విన్నానని, ఆ చెయ్యి గుర్తుపట్టానని చెప్పింది మీరొక్కరే.”

“దూరం నించి...” అన్నాడు లీడర్.

“మీ అటెండర్ ఇంకో సంగతి చెప్పాడు. ఐదు కొట్టే వేళకి మీరు వీధిలోంచి వచ్చారు. మంచినీళ్ళు అడిగారు. తాగకుండానే గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు.”

లీడర్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. దుమ్ము పట్టిన కుర్చీ. అది తన కుర్చీయేనని కూర్చున్నాక గమనించినట్టున్నాడు. స్టాండు మీద చెయ్యి వేశాడు.

“మా రికార్డు అనుకున్నాను,” అన్నాడు చివరికి. “మేం నలుగురం చేసిన రికార్డు. రోజూ ఐదింటికి అదే పెట్టుకుంటున్నాడనుకున్నాను. నా గదిలో కూర్చుని వినేవాణ్ణి. ఇన్నేళ్ళూ ఆ రికార్డులో నేను అతని గదిలోకి రోజూ వెళ్తున్నాననే అనుకున్నాను. వీళ్ళెవరో ముక్కూ మొహం తెలియని ముగ్గురు.”

“ఆ రోజు ఎందుకు వెళ్ళారు?”

“అడగడానికి. మనిద్దరం మిగిలాం, ఇద్దరమే వాయించుకుందాం, వారానికి ఒక్కరోజైనా సరే అని. నాకూ ఎవరున్నారమ్మా? పిల్లలు ఐదున్నరకి వచ్చి ఏడింటికి పోతారు. ఆ తర్వాత ఫోటోలు.”

“ఆయనేమన్నారు?”

“వద్దన్నాడు. కోపంగా కూడా అనలేదు. ‘నువ్వు వాయిస్తుంటే ముప్ఫై ఏళ్ళు నా గొంతు నాకే వినపడలేదు. ఇప్పుడు వినపడుతోంది. ఐదవుతోంది, వాళ్ళొస్తారు, నువ్వెళ్ళు’ అన్నాడు. నన్ను వెళ్ళమన్నాడు.” ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. “భుజాలు పట్టుకుని తోశాను. ఒక్కసారే. తలుపు లాగేసి వచ్చేశాను. వీధి దాటుతుంటే పాట మొదలైంది. లేచాడనుకున్నాను. దేవుడా, లేచాడు అనుకున్నాను. కిటికీ తియ్యలేదు. చెవులు మూసుకుని కూర్చున్నాను. ఏడింటికి క్లాసు అయ్యాక చెప్పారు.”

“అంతా తెలిసీ ఇతన్ని లోపల వెయ్యనిచ్చారు.”

లీడర్ తమ్ముడి వైపు చూడబోయాడు. చూడలేకపోయాడు. హెడ్ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర లీడర్ ఒకసారి ఆగాడు.

“వాడు నిజంగానే బాగా వాయించేవాడు. అది మాత్రం అబద్ధం కాదు,” అన్నాడు.

కాయితాలు పూర్తయ్యేసరికి ఐదు దాటింది. తమ్ముణ్ణి తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. రావడానికి ఎవరూ లేరు. ఇన్‌స్పెక్టర్ తనే జీపులో దింపింది.

అతను తాళం తీశాడు గానీ లోపలికి వెళ్ళలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

“మేడమ్, ఒకటి అడగనా? ఆ పాట బాగుంటుందా? మీరు విన్నారు కదా.”

ఆమెకి తెలియని సంగతి గురించి సాక్ష్యం చెప్పాల్సి వచ్చినట్టుంది.

“బాగుంటుంది. మీ అన్నయ్య భాగం నేను వినలేదు. అది ఎలా ఉంటుందో మీకే తెలియాలి.”

“నేను బస్ స్టాప్‌లో ఉండేవాణ్ణి,” అన్నాడతను.

వీధిలో పాఠశాల పిల్లలు వయొలిన్ పెట్టెలతో వచ్చి, తలుపుకి తాళం చూసి, ఏం చెయ్యాలో తెలియక గుంపుగా నిలబడ్డారు. ఇద్దరూ కాసేపు వాళ్ళని చూశారు.

“లోపల ఒక్కణ్ణే ఉండాలంటే ఎలాగో ఉంది. పనేం లేకపోతే కాసేపు కూర్చుంటారా? పాలు కూడా లేవు ఇంట్లో.”

స్టేషన్‌కి వెళ్ళాలి, రిపోర్టు రాయాలి అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అలాంటి చోట ఇన్నేళ్ళూ చెప్పిన మాట అదే. నోట్లోకి దానంతటదే వచ్చింది.

“పాలు లేని టీ చాలు,” అంది.

చెప్పులు గుమ్మం పక్కన విడిచి అతని వెనకే లోపలికి నడిచింది.